ఆదివారం సరే, మిగతా ఆరు రోజులూ ప్రార్థన ఎలా నిలబెట్టుకుంటున్నారు?

ఉదయతార
అందరికీ వందనాలు. చాలాకాలంగా అడగాలనుకుంటున్న విషయం ఇది. ఆదివారం ఆరాధనలో మనసు నిండిపోతుంది. పాటలు, వాక్యం, పక్కన నిలబడి ప్రార్థించే మనుషులు, అన్నీ కలిసి నన్ను నిలబెడతాయి. సోమవారం అలారం మోగగానే అదంతా ఎటు పోతుందో తెలియదు. పొద్దున హడావుడి, పగలంతా పని, రాత్రి మోకరిస్తే కళ్లు మూతలు పడతాయి. మెలకువగా ఉన్నా నోటికొచ్చేవి రోజూ అవే నాలుగు మాటలు.

"యెడతెగక ప్రార్థనచేయుడి" అని థెస్సలొనీక సంఘానికి రాసిన పౌలు, రాత్రింబగళ్లు చేతుల కష్టంతో బతికినవాడు. కాబట్టి ఆ మాట తీరిక ఉన్నవాళ్లకు మాత్రమే చెప్పింది కాదని నమ్ముతున్నాను. దయచేసి ప్రసంగాలు వద్దండి. మీ మామూలు రోజులో ప్రార్థన ఎప్పుడు, ఏ మాటలతో జరుగుతోందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రాత్రి_కావలి
వందనాలు సిస్టర్. నేను ఆస్పత్రిలో నర్సుని, ఎక్కువగా నైట్ డ్యూటీలే. "వేకువనే లేచి ప్రార్థించండి" అనే సలహా నాకు పనికిరాదు. నా వేకువ డ్యూటీ దిగే వేళ. అందుకే 134వ కీర్తన కనబడినప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను. మూడే వచనాలు. యెహోవా మందిరంలో రాత్రి నిలుచుండే సేవకులను పిలిచి సన్నుతించమంటుంది. రాత్రి పనివాళ్ల కోసం బైబిల్లో ఒక కీర్తన ఉంది! 130వ కీర్తనలోని కావలివారు కూడా నావాళ్లే, తెల్లవారడం కోసం కనిపెట్టుకుని ఉండేవాళ్లు.

నేను చేసేది ఇది. ప్రతి మంచం దగ్గరికి వెళ్లేముందు చేతులకు శానిటైజర్ రాసుకోవాలి కదా, అది ఆరేదాకా కొన్ని క్షణాలు పడుతుంది. ఆ కొన్ని క్షణాలు ఆ మంచం మీద ఉన్న మనిషివి. పేరు తలుచుకుని "ప్రభువా, ఈయనకు ఈ రాత్రి నిద్రపట్టనివ్వు" అంటాను. లేదా "ఈమె భయం తీసెయ్యి". ఒక్క వాక్యం, పెదవులు కూడా కదలవు. ఒక్కోసారి నా కోసం కూడా, "నా చేతికి తొందర రానివ్వకు" అని.

ఇంత చిన్నది ప్రార్థనేనా అని సందేహం వస్తే నెహెమ్యా 2వ అధ్యాయం చదవండి. రాజు "ఏం కావాలి?" అని అడిగాడు. ఆ ప్రశ్నకీ తన జవాబుకీ మధ్య ఆకాశమందలి దేవునికి ప్రార్థించానని నెహెమ్యా రాసుకున్నాడు. రాజు ఎదురుగా నిలబడి ఎంతసేపు చేసి ఉంటాడు? అయితే మొదటి అధ్యాయంలో ఆయన ఉపవాసముండి, దినాల తరబడి ఏడ్చి ప్రార్థించాడు. ఆ పెద్ద ప్రార్థన వెనక ఉంది కాబట్టే ఈ చిన్నది అంత తేలిగ్గా వచ్చిందని నాకనిపిస్తుంది. అందుకే సెలవు రోజున తలుపు వేసుకుని కాస్త ఎక్కువసేపు కూర్చోవడం మానను.

ఇద్దరుబిడ్డలతల్లి
నా గది తలుపు వేసుకుంటే బయట నుంచి రెండు చిన్న చేతులు కొడుతూనే ఉంటాయి. అందుకని ప్రార్థనను బట్టల దగ్గరికి తెచ్చుకున్నాను. ఉతికి ఆరిన బట్టలు మడతపెడుతూ ఎవరి బట్ట చేతిలో ఉంటే వాళ్ల కోసం. చిన్నదాని గౌను మడతపెడుతూ దాని కోపం గురించి, పెద్దవాడి యూనిఫాం మడతపెడుతూ వాడికి క్లాసులో స్నేహితులు దొరకడం లేదన్న సంగతి, మా ఆయన చొక్కా దగ్గర ఆయన ఉద్యోగం. అత్తగారి చీర వచ్చేసరికి కొంచెం నెమ్మదిస్తాను, ఆవిడకు మోకాళ్ల నొప్పులు.

పిల్లలతో కుటుంబ ప్రార్థన మాత్రం పొట్టిగా చేస్తాం. ఒక పాట ఒక చరణం, నాలుగైదు వచనాలు, తర్వాత ఒక్కొక్కరూ ఒక "థాంక్యూ", ఒక "సారీ", ఒక "ప్లీజ్" యేసయ్యకు చెప్పాలి. వాళ్లు చెప్పేదాన్ని మేం దిద్దం. చనిపోయిన చీమ కోసం ప్రార్థించినా ఆమేన్ అంటాం. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం కూడా ఇంట్లో కూర్చున్నప్పుడు, తోవలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమనే చెప్పింది. గంటసేపు కట్టిపడెయ్యమనలేదు.

కీర్తనల_బాటసారి
ఉదయతార గారూ, "అవే నాలుగు మాటలు" అన్నారు చూడండి, నేను రాసేది దాని గురించే.

మన సొంత మాటలు త్వరగా అయిపోతాయి. అందులో తప్పేమీ లేదు, అందరికీ అంతే. అందుకే దేవుడు మనకు 150 ప్రార్థనలు ముందే రాయించి పెట్టాడు. యూదులు వాటితో ప్రార్థించారు, యేసు వాటితో ప్రార్థించాడు, ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠాలకు రాసిన నియమావళిలో వారానికి 150 కీర్తనలూ పూర్తికావాలని పెట్టాడు. మనలాంటి ఉద్యోగస్థులకు వారం కష్టం, నెల కుదురుతుంది. నేను పాటించే పద్ధతి చాలామంది వాడేదే. ఈరోజు తేదీ ఎంతో ఆ కీర్తన, దానికి ముప్ఫై ముప్ఫై కలుపుకుంటూ పోవడం. 7వ తేదీ అయితే 7, 37, 67, 97, 127. రోజుకు ఐదు, ముప్ఫై రోజుల్లో మొత్తం. ఐదూ చదవలేని రోజు కళ్లతో చూసి మనసు ఎక్కడ ఆగితే ఆ ఒక్కటే గట్టిగా చదువుతాను. 29వ తేదీకి 119వ కీర్తన వస్తుంది, అది 176 వచనాలు. దాన్ని వదిలేసి 31వ తేదీకి దాచుకుంటాను. 31 లేని నెలలో ఆదివారం మధ్యాహ్నం చదువుతాను.

చదవడమంటే కళ్లతో కాదు, నోటితో. ఒక వచనం చదవాలి, ఆగాలి, దాన్ని మన మాటల్లో దేవునికి తిప్పి చెప్పాలి. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?" అని చదివి, "నేను ఈ వారం ఏ కొండల వైపు చూస్తున్నానో నీకు తెలుసు ప్రభువా. మేనేజర్ వైపు, బ్యాంకు లోన్ వైపు" అని చెప్పుకుంటాను. అంతే, అక్కడ నా సొంత ప్రార్థన మొదలైపోతుంది. నాలుగు మాటలు నలభై అవుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది, నాకు ఇదే ముఖ్యం. మనం ప్రార్థనలో మంచిగా మాట్లాడాలనుకుంటాం. కీర్తనాకారులు అలా మాట్లాడలేదు. కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. "నన్ను ఎన్నాళ్లు మరచిపోతావు?" అని 13వ కీర్తన దేవుణ్నే నిలదీస్తుంది. 88వ కీర్తన చివరిదాకా చదివినా వెలుగు కనబడదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడు. సిలువ మీద యేసు నోట వచ్చింది 22వ కీర్తన మొదటి మాట. ప్రాణం విడిచేటప్పుడు అన్నది 31వ కీర్తనలో ఉన్నది. దేవుని కుమారుడే చివరి గడియలో కీర్తనల మాటలు అందుకున్నాడంటే, అలసిపోయిన రాత్రి మనం అందుకోవడంలో లోటేమీ లేదు.

ఏమీ అనిపించని రోజు కూడా చదవండి. మీ మనసులో లేని సంతోషం కీర్తనలో ఉంటే, ఈరోజు సంతోషంగా ఉన్న మరో విశ్వాసి తరఫున చదువుతున్నాననుకోండి. మీకు లేని దుఃఖం అందులో ఉంటే ఏడుస్తున్నవాళ్ల తరఫున చదవండి. సంఘం అంతా కలిసి చేసే ప్రార్థన అది, ఒంటరిగా గదిలో చేసినా.

వాక్యమే_చాలు
బ్రదర్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. రాసి ఉన్నవి చదవడం ప్రార్థన ఎలా అవుతుంది? ప్రార్థన హృదయంలో నుంచి రావాలి. "వ్యర్థమైన మాటలు వచింపవద్దు" అని ప్రభువు మత్తయి 6:7లో హెచ్చరించాడు కదా. చిన్నప్పటి నుంచి వల్లించినవే వల్లిస్తూ, జీవితం మారనివాళ్లను చూశాను.

జపమాల
నేను కతోలిక సంఘానికి చెందినవాణ్ని, ఈ ప్రశ్న మాకు తరచూ ఎదురవుతుంది కాబట్టి చెప్తాను. మీరన్న హెచ్చరిక నిజం. నోరు తిరుగుతూ మనసు తిరక్కపోతే అది ఏ సంఘంలోనైనా వ్యర్థమే. సొంత మాటల ప్రార్థనలోనూ "ప్రభువా, ప్రభువా" అంటూ ఆలోచన ఎటో పోయే సందర్భాలు ఉంటాయి.

కానీ మీరు చెప్పిన 7వ వచనానికి రెండు వచనాల కింద, ప్రభువే "మీరీలాగు ప్రార్థనచేయుడి" అని ఒక ప్రార్థనను మాటలతో సహా నేర్పాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని మత్తయి 26:44 చెబుతోంది. 136వ కీర్తనలో 26 వచనాలు, ఇరవై ఆరింటిలోనూ ఆయన కృప నిరంతరముండును. పదేపదే అనడం ఒకటి, వ్యర్థంగా అనడం ఇంకొకటి.

జపమాలలో నాకు దొరికేది ధ్యానం. పెదవులకు తెలిసిన మాటలు ఉంటాయి కాబట్టి మనసు క్రీస్తు జీవితంలోని ఒక్కో ఘట్టం దగ్గర నిలబడగలుగుతుంది. 2002లో రెండవ జాన్ పాల్ పోప్ గారు వెలుగు దేవరహస్యాలు అనే ధ్యాన ఘట్టాలను జపమాలలో చేర్చాక, ప్రభువు బాప్తిస్మం, కానా పెళ్లి కూడా ఆ ధ్యానంలోకి వచ్చాయి. బస్సులో నిలబడి వేళ్లతోనే లెక్కపెట్టుకుంటూ చేస్తాను. తూర్పు సంఘాలవారు "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు" అనే ఒక్క ప్రార్థనను ఊపిరితో కలిపి శతాబ్దాలుగా చేస్తున్నారు. అందులో సుంకరి మొర ఉంది, గుడ్డి బర్తిమయి కేక ఉంది. అందరూ ఇలాగే చెయ్యాలని నేననను.

వాక్యమే_చాలు
గెత్సేమనే వచనం ఇప్పుడే తీసి చూశాను. మూడోసారి అవే మాటలు, నిజమే. ఆ కోణంలో నేను ఆలోచిస్తాను. జపమాల విషయంలో మీతో ఏకీభవించలేను కానీ కీర్తనలను నోటితో ప్రార్థించడం మొదలుపెడతాను.

ఉదయతార
అందరికీ ధన్యవాదాలు. తేదీ ప్రకారం కీర్తనలు ఇవాళే మొదలుపెట్టాను. ఒక ఇబ్బంది మిగిలింది. రెండు వచనాలు కాకుండానే ఆలోచన పారిపోతోంది. ఆఫీసు మెయిల్, కట్టాల్సిన బిల్లు, ఎవరో అన్న మాట.

విశ్రాంత_ఉపాధ్యాయుడు
అమ్మా, ఈ ఇబ్బంది చాలా పాతది. 1535లో మార్టిన్ లూథర్‌ను ఆయనకు క్షవరం చేసే పీటర్ అనే ఆయన ప్రార్థన ఎలా చెయ్యాలని అడిగాడు. లూథర్ జవాబుగా ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. అందులో, మంచి క్షురకుడు కత్తి మీదా వెంట్రుకల మీదా దృష్టి నిలపాలి, కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో గొంతో కోస్తాడు, ప్రార్థనకు ఇంకెంత ధ్యాస కావాలి అని ఆయన పని నుంచే ఉదాహరణ తీసుకున్నాడు. తర్వాత ఉపాయం చెప్పాడు. పది ఆజ్ఞల్లో ఒక ఆజ్ఞ తీసుకో. ఇది నాకేం నేర్పుతోంది, దీనికి దేవునికి ఏమని కృతజ్ఞత చెప్పాలి, ఇందులో నేను ఒప్పుకోవలసిన పాపమేది, ఏమని అడగాలి, ఈ నాలుగు పోగులతో దండలా అల్లు. మధ్యలో పరిశుద్ధాత్మ ఒక ఆలోచన ఇస్తే మిగతాది వదిలేసి దాన్నే విను అన్నాడు.

నేను దీన్ని నోటుబుక్కులో చేస్తాను. కలం చేతిలో ఉంటే ఆలోచన అంత తేలిగ్గా పారిపోదు. పారిపోయిన ఆలోచనను కూడా తరిమెయ్యను, రాస్తాను. కరెంటు బిల్లు గుర్తొస్తే "ప్రభువా, ఈ నెల డబ్బు సరిపోదేమోనని భయంగా ఉంది" అని రాసి ముందుకు వెళ్తాను. మనల్ని పక్కకు లాగేది చాలాసార్లు మనం ప్రార్థించవలసిన సంగతే అయి ఉంటుంది.

మొదట వాక్యం, తర్వాత ప్రార్థన అనే క్రమం కూడా ఉపయోగపడుతుంది. బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్ చాలా ఏళ్లు లేవగానే నేరుగా ప్రార్థనకు కూర్చునేవాడు, మనసు నిలవడానికే చాలా సమయం పోయేదట. 1841లో క్రమం మార్చి ముందు వాక్యం చదివి ధ్యానించడం మొదలుపెట్టాడు. ధ్యానిస్తూ ఉండగానే కొద్ది నిమిషాల్లో అది ప్రార్థనగా మారిపోయేదని రాశాడు. ఆయనంతటివాడికే మనసు నిలవలేదంటే మనం కుంగిపోనక్కర్లేదు.

బేతనియ
ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మా నాన్నగారు జబ్బుపడినప్పుడు మా ఇంటిల్లిపాదీ, సంఘం అంతా ఉపవాస ప్రార్థనలు చేశాం. స్వస్థత వస్తుందని వాగ్దాన వచనాలు గోడకు అంటించాం. నాన్నగారు వెళ్లిపోయారు. "మీ విశ్వాసం సరిపోలేదేమో" అని ఒకరు మా అమ్మ ముందే అన్నారు. అప్పటి నుంచి ఆదివారం వెళ్తున్నాను, పాటలు పాడుతున్నాను, కానీ ఒంటరిగా ఏదీ అడగలేకపోతున్నాను. నోరు తెరిస్తే గోడ మీది ఆ కాగితాలు గుర్తొస్తాయి. ఇలాంటివాళ్లు మొదలుపెట్టేది ఎక్కడ?

కీర్తనల_బాటసారి
అమ్మా, ముందుగా, మీకు ఆ మాట అన్నవారు అనకూడని మాట అన్నారు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది గానీ విశ్వాసం తక్కువైందని ప్రభువు అనలేదు. "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అన్న కుమారుని ప్రార్థనకు కూడా గిన్నె తొలగలేదు. అక్కడ ఎవరి విశ్వాసం తక్కువ?

మీ పేరు బేతనియ అని పెట్టుకున్నారు. బేతనియలో మార్త, మరియ ఇద్దరూ వేర్వేరుగా ప్రభువుతో అన్నది ఒకే మాట, నీవు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాడు అని. ఆయన వాళ్లను గద్దించలేదు. చనిపోయిన ఆ సహోదరుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ముందు కన్నీళ్లు విడిచాడు. మీరు చెప్పాలనుకుంటే చెప్పవలసిన మొదటి మాట బహుశా అదే: "నీవు ఇక్కడ ఉండి ఉంటే." దాన్ని ప్రార్థనగానే ఎంచండి. ఇప్పట్లో ఏదీ అడగనక్కర్లేదు.

రాత్రి_కావలి
బేతనియ చెల్లీ, నేను చూసిన మరణాల దగ్గర మాటలు ఎప్పుడూ సరిపోలేదు. రోమా 8:26 ఒక్కటి పట్టుకోండి. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తున్నాడు. మీరు మౌనంగా కూర్చున్నా అక్కడ ప్రార్థన జరుగుతూనే ఉంది. మీ కోసం నా రాత్రి డ్యూటీలో ఒకసారి ఆగుతాను.

బేతనియ
థాంక్యూ అక్కా. థాంక్యూ అన్నా. మార్త మాట ఈ రాత్రి అంటాను.

గొలుసులో_ఒకడు
ఒంటరిగా నిలబడలేనివాళ్లకు ఇంకో మార్గం ఉంది. 1727లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ విశ్వాసులు 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు గంటలు పంచుకుని రేయింబవళ్లు ప్రార్థన ఆగకుండా చూసుకున్నారు. ఆ గొలుసు నూరేళ్లకు పైగా సాగింది. మా స్నేహితులం అంత చెయ్యలేం కానీ రోజుకొకరం చొప్పున వారాన్ని పంచుకున్నాం. నా వంతు గురువారం. ఆ రోజు మిగతా అందరి పేర్లూ నా చేతిలో ఉంటాయి. "ఈ వారం నీ కోసం ఏమని ప్రార్థించాలి?" అని ముందురోజు సాయంత్రం మెసేజ్ పెడతాను. నేను ఎండిపోయిన వారాల్లో కూడా మిగతావాళ్లు నా పేరు దేవుని ముందు పెడుతున్నారని తెలుసు.

కొలస్సి_3_23
పని కూడా ఆరాధనే అని ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మనుషుల కోసం కాక ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చెయ్యమని పౌలు చెప్పింది కొలస్సయిలోని దాసులకు. జీతం, గౌరవం ఏదీ లేనివాళ్లకు. పదిహేడో శతాబ్దంలో ప్యారిస్ కర్మేలు మఠంలో సహోదర లారెన్స్ వంటగదిలో పనిచేస్తూ, మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఎంత ప్రశాంతంగా ఉంటాడో ఆ గందరగోళంలోనూ దేవునితో అంతే ప్రశాంతంగా ఉండేవాడు.

నేను కాల్ సెంటర్లో పనిచేస్తాను. హెడ్‌సెట్ పెట్టుకోగానే ఎవరో అరవడం మొదలుపెడతారు. కాల్‌కీ కాల్‌కీ మధ్య వచ్చే చిన్న ఖాళీలో, ఇందాక అరిచిన మనిషి కోసం "ఆయన ఇంటికి శాంతి" అంటాను. శత్రువుల కోసం ప్రార్థించమన్న ఆజ్ఞ నాకు అంత దగ్గరగా దొరుకుతుందని అనుకోలేదు. దీనివల్ల తర్వాతి కాల్‌లో నా గొంతు మారుతుంది. అబద్ధం చెప్పి అమ్మమని పై నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు కూడా, ఇందాక ప్రార్థించిన నోటితో ఆ అబద్ధం రాదు. టార్గెట్ తగ్గితే తగ్గింది.

ఇద్దరుబిడ్డలతల్లి
దీనికి ఒకటి కలుపుతాను. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్నది మత్తయి 5:23-24. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) ఉన్న ఆదివారానికి ముందు శనివారం రాత్రి మేమిద్దరం కూర్చుని, మన మీద ఎవరికైనా మనస్తాపం ఉందా అని ఒకరినొకరు అడుగుతాం. ఉంటే అప్పుడే ఫోన్ చేస్తాం. యెషయా 58లో కూడా దేవుడు కోరిన ఉపవాసం కాడి విప్పడం, ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడం. ఇది లేకుండా ఎన్ని కీర్తనలు చదివినా నాకు ధైర్యం చాలదు.

వాక్యమే_చాలు
నర్సు సిస్టర్‌ను ఒకటి అడగాలి. మా సంఘంలో ఒక పెద్దాయన ఆస్పత్రిలో ఉన్నారు, రేపు ప్రార్థన చెయ్యడానికి వెళ్తున్నాను. ఏం గుర్తుంచుకోవాలి?

రాత్రి_కావలి
ఒక్కరే వెళ్లండి, మహా అయితే ఇద్దరు. ముందు "ప్రార్థన చెయ్యమంటారా?" అని ఆయన్నే అడగండి, వద్దంటే పక్కన కూర్చోండి చాలు. ఆయన కళ్లకు అందేలా కూర్చుని మాట్లాడండి, నిలబడి పైనుంచి వద్దు. 23వ కీర్తన నెమ్మదిగా చదవండి. పెద్దవాళ్లకు అది కంఠతా ఉంటుంది, పెదవులు కదులుతుంటే మీ గొంతు తగ్గించి ఆయన్ని చెప్పనివ్వండి. ప్రార్థన రెండు నిమిషాలు, పక్క మంచాలవాళ్లకు ఇబ్బంది లేకుండా. ఆయన జబ్బు ఎందుకొచ్చిందో దేవునికి వివరించకండి, బాగైపోతారని మీరుగా మాట ఇవ్వకండి. మధ్యలో నర్సు వస్తే ఆపి దారివ్వండి, ఆవిడ వెళ్లాక కొనసాగించొచ్చు. బయటికి వచ్చాక కారిడార్‌లో ఉన్న ఆయన భార్యను కూడా పలకరించండి. ఆవిడ కోసం ప్రార్థన చేస్తామని ఎవరూ అడగరు.